దగ్గర్లోని వర్క్‌షాపు: ఖతీఫ్ నుంచి సైల్ దాకా

ఖతీఫ్‌లో మూడు పథకాలు

ఎడారిలో బండి చెడిపోతే దాన్ని ఎవరొచ్చి లాక్కెళ్లాలి అన్న సంగతి మీద ఒక ఇంట్లో పెళ్లి సంబంధం మాట్లాడుకున్నంత చర్చ జరిగింది. ఆ చర్చలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

మాది బాపట్ల దగ్గర ఊరు. పేరు రత్నకుమారి. గల్ఫ్ యుద్ధం నాటికి సౌదీలోని దమ్మామ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. తోటివాళ్లలో చాలామంది పెట్టెలు సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోయినా నేను కదల్లేదు. భర్త పోయిన మనిషిని, ఇల్లు గడిచేది నా జీతంతోనే. క్షిపణికి భయపడి ఇంటికి పోతే అక్కడ ఆకలికి భయపడాలి. యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు ఖతీఫ్‌లో ఒక పెద్దావిడను ఇంట్లోనే ఉండి చూసుకునే పని దొరికితే అందులో చేరాను.

ఆవిడ సొంత పేరు ఎవరూ పలకరు. కొడుకు పేరు జాఫర్ గనక అందరికీ ఆవిడ ఉమ్ జాఫర్, అంటే జాఫర్ తల్లి. నేను మాత్రం ఖాలా అనేదాన్ని, మన పిన్ని లాగా. ఆవిడకు మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. పొట్టలోకి ఒక సన్నని గొట్టం అమర్చి ఉంటుంది. సంచిలోని మందునీళ్లు దాని గుండా లోపలికి వదలాలి. కొన్ని గంటలాగి ఆ నీళ్లను మురికితో సహా బయటికి దించి, మళ్లీ కొత్త సంచి తగిలించాలి. రోజుకు నాలుగుసార్లు ఇదే పని. చేతులు సరిగ్గా కడుక్కోకపోయినా, గొట్టం మూతకు వేలు తగిలినా లోపల చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది.

నిజానికి ఈ వైద్యం రోగి తనకు తానే చేసుకోవాల్సినది. ఆసుపత్రిలో నేర్పించి మరీ పంపుతారు. ఉమ్ జాఫర్‌కు నేను ఎన్నిసార్లు నేర్పబోయినా "నాకు కళ్లు ఆనవు, వేళ్లు వణుకుతాయి, నువ్వున్నావుగా" అని ముఖం తిప్పేసుకునేది. అవే వేళ్లతో ఖర్జూరం చీల్చి, గింజ తీసి, లోపల బాదంపప్పు పెట్టేది. ఒక్క పండూ చితికేది కాదు. నేనూ మరీ పట్టుబట్టలేదు లెండి. ఆవిడ నేర్చేసుకుంటే ఆ ఇంట్లో నాకు పనేముంది?

ఆవిడకు ఒకటే కోరిక మిగిలింది, మక్కా వెళ్లి ఉమ్రా, అంటే చిన్న హజ్ లాంటి యాత్ర, చేయాలని. డాక్టరు గుండె చూసి, వెళ్లేదుంటే ఈ వేసవిలోనే వెళ్లమన్నాడు. వచ్చే ఏడాది సంగతి తను చెప్పలేనన్నాడు. విమానమంటే ఆవిడ చెవులు మూసుకుంటుంది. యుద్ధంలో ఆ మోతలు విన్న తర్వాత ఆకాశంలో ఎగిరేదేదీ ఆవిడకు గిట్టదు. అందుకని జాఫర్ ఒక పెద్ద మోటార్ హోమ్ కొన్నాడు. ఎవరో విదేశీ కంపెనీ ఆఫీసరు యుద్ధమయ్యాక దేశం వదిలి వెళ్తూ అమ్మేసిన బండి అది. మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, స్నానాల గది, అన్నీ ఉన్నాయి. విషవాయువు రాకుండా అప్పట్లో కిటికీలకు అంటించిన టేపు జిగురు ఇంకా వదల్లేదు. నేను కిరోసిన్ పెట్టి రుద్దినా పోలేదు.

దానికి డ్రైవరు గంగారాం. జగిత్యాల వైపు మనిషి, అంతకుముందు కట్టుబడి కంపెనీలో టిప్పర్ తోలేవాడు. "ఇంటికి చక్రాలు పెట్టిండ్రు గదక్కా! గిది తోలుడా, కాపురం జేసుడా?" అన్నాడు మొదటిరోజు. అప్పటినుంచి మా ఇద్దరికీ అది ఇల్లుబండి.

మక్కాలోకి ముస్లింలు తప్ప వేరెవరూ వెళ్లకూడదు. నేను క్రిస్టియన్‌ని, గంగారాం హిందువు. అందుకని ఏర్పాటు ఏమిటంటే, మక్కాకు ఇవతల సైల్ అనే ఊళ్లో ఇల్లుబండి ఆపుతాం. అక్కడ నేను సంచి మార్చి పంపితే, వెనకాలే సొంత కారులో వచ్చే జాఫర్ తల్లిని మక్కా తీసుకెళ్తాడు. చక్రాల కుర్చీలో ఉమ్రా చేయించి, మళ్లీ సంచి వేళకు మా దగ్గరికి తెచ్చేస్తాడు.

ఇక మిగిలింది దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలన్నది. దారిలో ఆగిన బండ్లను చూసుకునే బీమా కంపెనీ తరఫున ఒక ఈజిప్టు సేల్స్‌మన్ కోటు వేసుకుని ఇంటికే వచ్చి మూడు పథకాలు పరిచాడు. మొదటిది చిన్న కార్లకు. పంక్చరైతే టైరు మారుస్తారు, పెట్రోలు అయిపోతే తెచ్చి పోస్తారు, తాళం లోపల మర్చిపోతే తీసిపెడతారు. ఇంత బరువున్న బండిని మాత్రం ముట్టుకోరు. రెండోదానిలో బరువు లాగగల పెద్ద రికవరీ బండి వచ్చి, దగ్గర్లోని తమ ఒప్పంద వర్క్‌షాపుకు చేరుస్తుంది. మూడోది కూడా అంతే, కాకపోతే మనం ఏ ఊరంటే ఆ ఊరికి లాక్కెళ్తారు.

బరువెంత అని అడిగాడాయన. గంగారాం అప్పటికే కాటా మీద తూయించి చీటీ తెచ్చాడు. అది చూసి జాఫర్, "నీళ్ల ట్యాంకు నింపి తూచావా?" అన్నాడు. గంగారాం బుర్ర గోక్కుని మళ్లీ తూయించడానికి పోయాడు. నీళ్లు, గ్యాసు, నా మందు సంచుల పెట్టెలు, ఉమ్ జాఫర్ బియ్యం బస్తా, అన్నీ ఎక్కాక బండి ఎంత తూగిందంటే ఈజిప్టాయన మొదటి పథకం కాగితాన్ని నోరెత్తకుండా సంచీలో పెట్టేసుకున్నాడు.

ఉమ్ జాఫర్ లోపలి గదిలోంచి అంతా వింటోంది. పరాయి మగవాడి ముందుకు రాదు కాబట్టి ప్రశ్నలు నా చేత పంపుతోంది.

"ఆ మనిషిని అడుగు. బండిని లాగుతున్నప్పుడు నేను మంచం మీద పడుకుని ఉండొచ్చా?"

"కుదరదమ్మా. లాగే బండిలో మనుషులుండకూడదు, చట్టం" అన్నాడాయన.

"మరి నేనేమైపోవాలి? బీమా బండికా, నాకా?"

ఆయన నుదురు తుడుచుకున్నాడు. కారులో వెనకే ఉంటాను కదా అని జాఫర్ సర్దిచెప్పాడు.

ఇక రెండోదా, మూడోదా? గంగారాం నన్ను పక్కకు పిలిచి, "దూరం దూరం గుంజుకపోతే గేర్‌బాక్స్ ఖరాబైతదక్కా. ఎన్క షాఫ్ట్ ఇప్పి గుంజాలె, ఆళ్లు ఇప్పుతరో ఇప్పరో ఎవలకెర్క? దగ్గరున్న కాడికి తీస్కపోయి జల్ది బాగుచేస్తెనే మంచిగుంటది. సార్‌కు జెప్పు" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. రోగిని ఎండలో పెట్టుకుని దూరాభారాలెందుకు? జాఫర్ ఒప్పుకున్నాడు. లోపలినుంచి ఉమ్ జాఫర్ కూడా "దగ్గరదే" అంది. ఆ ఇంట్లో నలుగురం ఒక మాట మీదికి రావడం అదే మొదలు. జాఫర్‌కూ తల్లికీ ఆ దేశంలో మూసిన దారంటూ లేదు. గంగారాం, నేను పడమటి వైపు ఎన్నడూ పోలేదు. ఆ మాటలో ఏ మెలిక ఉందో నలుగురిలో ఎవరికీ తట్టలేదు.

రియాద్ దారి

పొద్దున్నే బయలుదేరాం. రియాద్ దాకా రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. ఒంటెలు అడ్డం రాకుండా రెండు వైపులా కంచె. మన దగ్గర రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, గేదెలు పడుకుంటాయి, పెళ్లి ఊరేగింపు వస్తుంది. ఇక్కడ ఆరబోయడానికి ఇసుక తప్ప మరేమీ లేదు. గంటసేపు కిటికీలోంచి చూస్తే కునుకు ముంచుకొచ్చింది.

ఉమ్ జాఫర్‌కు మాత్రం నిద్ర రాదు. మంచం మీద ఆనుకుని కూర్చుని, నా చేత కబుర్లు చెప్పించుకోవడం ఆవిడకు అలవాటు. ముఖ్యంగా మా అత్తగారి కథలు. మా అత్తగారు కోడిపెట్ట కనపడకపోతే పక్కింటి వాళ్ల కూరగిన్నె మూత ఎత్తి చూసొచ్చిన మనిషి. ఆ కథ ఆవిడ నా చేత ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు. ప్రతిసారీ మూత ఎత్తే చోటికి రాగానే ముందుగానే నవ్వడం మొదలుపెట్టేది.

మధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఆ దేశంలో పెట్రోలు కంటే తాగే నీళ్ల సీసా ఖరీదు. గంగారాం ఈ సంగతి ఆగిన ప్రతిచోటా కొత్తగా ఆశ్చర్యపోతూ చెప్పేవాడు. బంకు పక్కన అఫ్ఘన్ వాళ్ల పొయ్యిలో తమీస్ రొట్టె కాలుస్తున్నారు. చాటంత రొట్టె రియాల్‌కు ఒకటి, పాత పేపరులో చుట్టి ఇస్తారు. దానిలోకి ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల కూర. ఆకలి మీద అమృతమే గానీ కాస్త పచ్చిమిరపకాయ పడి ఉంటే ఇంకా బాగుండేది. నా సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీశాను. ఉప్పు పడని మనిషి గనక ఉమ్ జాఫర్‌కు కనపడకుండా తినాలనుకున్నాను. ఆవిడ ముక్కుకు అందకుండా సౌదీలో ఏదీ జరగదు. "ఒక్క వేలు" అంది. ఒక్క వేలే నాకించాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగినా ఇంకో వేలు అడిగింది.

జల్మ్ దగ్గర ఒంటెపాలు

రెండోరోజు రియాద్ దాటాక దారి మరింత బోసిగా ఉంది. సాయంత్రానికి జల్మ్ అనే ఊరు చేరేముందు జాఫర్ నమాజుకు కారు ఆపితే మేమూ ఆగాం. ఇంత పెద్ద బండి చూసి, దూరంగా గుడారం వేసుకున్న ఒక బదూ, అంటే ఎడారి తెగ, ముసలాయన నడుచుకుంటూ వచ్చాడు. బండి చెడిపోయిందేమో, సాయం చేద్దామని వచ్చాడట. చెడిపోలేదని చెబితే కాస్త నిరాశపడ్డాడు కూడా. అయినా ఊరికే పోనివ్వలేదు. ఇత్తడి గిన్నె నిండా ఒంటెపాలు తెప్పించాడు, పైన నురగతో వెచ్చగా. దారిన పోయేవాళ్లను తాగమని అడగడం కాదు, తాగేదాకా నిలబడటం అక్కడి మర్యాద. గంగారాం ఒక గుక్క తాగి, నాకేసి చూసి, "బర్రెపాలే నయం" అన్నాడు తెలుగులో, ముఖం మాత్రం ఆయనకేసి నవ్వుతూ. నాకు నచ్చాయి. కొంచెం ఉప్పగా, మన జున్నుపాల వాసనతో ఉన్నాయి.

ఉమ్ జాఫర్ కిటికీ తెర తీసి ఆ ముసలాయనకు దీవెనలు పంపింది. ఎక్కడికని ఆయన అడిగితే "దేవుడింటికి" అంది. "నా పేరు కూడా చెప్పు అక్కడ" అని ఆయన తన పేరు, తండ్రి పేరు, తాత పేరు చెప్పి పంపాడు. వాటిని మర్చిపోకుండా ఆవిడ దారంతా వల్లె వేసుకుంటూనే ఉంది.

సైల్‌కు ఇవతల

మూడోరోజు కొండలు మొదలయ్యాయి. తాయిఫ్ తోటల్లో పండినవట, రోడ్డు పక్కన ముళ్లపండ్లు బుట్టల్లో పెట్టి అమ్ముతున్నారు. చూస్తే మన నాగజెముడు పండ్లే! మా ఊళ్లో కంచెకు నాటి మేకలకు వదిలేస్తాం. ఇక్కడ ముళ్లు గీకి, చల్లటి నీళ్లలో వేసి, ప్లేటు అయిదు రియాళ్లకు అమ్ముతున్నారు. "మా పొలం గట్టుమీదియి తెచ్చి అమ్మినా అయిపోవు గదక్కా, ఈ డ్రైవింగ్ ఎందుకు నాకు?" అని గంగారాం ఆ పండ్లు తింటూనే బండెక్కాడు.

సైల్ ఇంకా కాస్త దూరం ఉందనగా ఇంజను కింద ఏదో రాపాడిన మోత వచ్చింది. వెంటనే ముందు అద్దమంతా ఆవిరి. గంగారాం పక్కకు తీసి ఆపాడు. దిగి చూస్తే రోడ్డు మీద పచ్చటి నీళ్లు ధార కట్టాయి.

"వాటర్ పంపు పోయిందక్కా. గిది ఈడ అయ్యే పని గాదు."

జాఫర్ కారులో ముందుకు పోయి, బంకులో ఫోన్ చేసి వచ్చాడు. పథకం మాట నిలబెట్టుకుంది, అది ఒప్పుకోవాలి. పెద్ద రికవరీ బండి అనుకున్నదానికంటే ముందే వచ్చింది. దాని డ్రైవరు లాల్ ఖాన్ అనే పఠాను, పాకిస్తానీ. దిగీ దిగగానే సలాం చెప్పి, గంగారాం అడక్కుండానే కిందికి దూరి వెనక షాఫ్ట్ విప్పాడు. గంగారాం ముఖం విప్పారింది. గొలుసులు బిగించాక నేనే హిందీలో అడిగాను, వర్క్‌షాపు తాయిఫ్‌లోనేనా అని.

"కాదు బెహన్‌జీ. తాయిఫ్‌లో మావాళ్లకు చిన్న కార్ల వర్క్‌షాపే ఉంది. ఇంత పెద్ద బండికి దగ్గర్లో ఉన్నది మక్కాలోనే."

గంగారాం చేతిలోని గుడ్డ కింద పెట్టాడు.

లాల్ ఖాన్ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. మా ఇకామాలు, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి పుస్తకాలు, అడిగాడు. ముస్లింల ఇకామాకు పచ్చ అట్ట, మిగతావాళ్లకు గోధుమరంగు. రెండూ గోధుమరంగువే. "అరెరె" అని ఆయన తలకొట్టుకున్నాడు. "చెక్‌పోస్టులో మిమ్మల్ని దింపేస్తారు. బండిని మాత్రం నేను అక్కడికే తీసుకుపోవాలి, ఆర్డర్ అది. వేరే ఊరంటే మీ పథకంలో లేదు."

అప్పుడు తట్టింది మాకు, దగ్గర్లోని వర్క్‌షాపు అంటే ఏమిటో. ఎవరి మీద కోప్పడాలో తెలియక జాఫర్ టైరును కాలితో తన్నాడు. తర్వాత శాంతించి లెక్కలేసుకున్నాడు. వేసవి సెలవులు, బంకు నుంచి ఫోన్ చేస్తే తాయిఫ్‌లో ఒక్క హోటల్లోనూ గది దొరకలేదు. జాఫర్ కారులో తీసుకెళ్లి చూపించిన బంకు వెనకాల గదుల్లో దుమ్ము చూశాక అక్కడ సంచి మార్చడానికి నేనే ఒప్పుకోలేదు. తలుపు మూసి, ఫ్యాను ఆపి, గాలి కదలని చోట చేయాల్సిన పని అది. ఆసుపత్రికి తీసుకెళ్తే మంచం మీద పడుకోబెట్టి వదలరు. శుభ్రమైన చోటు, కొక్కెం, సంచి వెచ్చబెట్టే పలక, అన్నీ ఇల్లుబండిలోనే ఉన్నాయి. అది మక్కా పోతోంది. నేను పోలేను.

"నర్సు లేకుండా ఉమ్రా లేదు" అన్నాడు జాఫర్. "సామాను దింపండి. ఎలాగో తిరిగిపోదాం. దేవుడు రాస్తే వచ్చే ఏడు వద్దాం."

కిటికీ తెర వెనక ఉమ్ జాఫర్ అంతా వింది. వచ్చే ఏడు సంగతి చెప్పలేనని డాక్టరు ఆవిడ ముందే అన్నాడు. "రత్నా, లోపలికి రా. తలుపు మూయి" అని పిలిచింది.

మధ్యాహ్నం సంచి వేళయింది. నేను చేతులు కడుక్కోబోతే "నువ్వు కూర్చో" అంది. ఆవిడే లేచింది. గోళ్ల దగ్గర్నుంచి మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది. ఫ్యాను ఆపింది. మూతికి గుడ్డ కట్టుకుంది. వెచ్చబడిన సంచి తీసి తేదీ చూసింది, నొక్కి కారడం లేదని చూసుకుంది, కొక్కానికి తగిలించింది. గొట్టం మూత తీసిన క్షణంలో నేను ఆవిడ చేతులకేసే చూశాను. ఆ వేళ్లు ఇసుమంతైనా వణకలేదు. పాత నీళ్లు దించి, కొత్తవి వదిలి, కొత్త మూత బిగించి, నాకేసి చూసింది.

"తప్పుందా?"

"లేదు ఖాలా" అన్నాను. "ఎప్పుడు నేర్చుకున్నారు?"

"ఆసుపత్రిలో నేర్పినప్పుడే. జాఫర్‌కు చెప్పకు. చెబితే, మరి నర్సెందుకు అంటాడు."

నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. ఇన్నాళ్లూ నా ఉద్యోగం నేను కాపాడుకుంటున్నాననుకున్నాను. కాపాడింది ఆవిడ.

బయటికొచ్చి జాఫర్‌తో అబద్ధం చెప్పాను. దమ్మామ్‌లో నాతో పనిచేసిన మలయాళీ నర్సు ఇప్పుడు మక్కా ఆసుపత్రిలో ఉంది, ముస్లిం, పేరు జమీలా, నేను బంకు నుంచి ఫోన్ చేస్తే వేళకు ఇల్లుబండికే వచ్చి సంచి మార్చి వెళ్తుంది అన్నాను. జమీలా అనే పేరు నా నోటికి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. జాఫర్ తల్లికేసి చూశాడు. ఆవిడ తస్బీ, అదే జపమాల, పూసలు తిప్పుకుంటోంది.

లాల్ ఖాన్ బండి ఇల్లుబండిని ఎత్తుకుని కదిలింది. మమ్మల్ని సైల్ బంకు దాకా కారులో తెచ్చి దింపి, తల్లీ కొడుకూ దాని వెనకే పోయారు. రోడ్డు మీద గంగారాం, నేను, నా చేతిసంచి.

యెమెనీ ఇంట్లో

సైల్‌లో బంకు పక్కన కిరాణా కొట్టు నడిపే యెమెనీ అతను, ఆడమనిషి దిక్కులేకుండా నిలబడిందని చూసి తన భార్యను పిలిచాడు. ఆవిడ మరో మాట లేకుండా నన్ను ఇంట్లోకి తీసుకుపోయింది. గంగారాంకు కొట్టు వెనక బస్తాల మీద చోటిచ్చారు. నమాజు వేళకు నన్నూ రమ్మంటే క్రిస్టియన్‌నని చెప్పాను. పోనీలే అని, తన నమాజు ముగించుకుని వచ్చి, మెంతుల నురగ వేసిన మాంసం పులుసు నా ముందు పెట్టింది. మన మెంతి వాసన అంత దూరంలో తగిలితే ఎంత ఆనందమో! నేను ఇంత చింతపండు వేస్తే అచ్చం మా ఇంటి పులుసేనని చెబితే, ఆవిడ చింతపండు తెచ్చి వేసి చూసింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

"మక్కా ఇంత దగ్గరుంది, రోజూ వెళ్తారా?" అని అడిగాను.

"పక్కనే ఉంది కదా అని వాయిదా వేస్తూ ఉంటాం" అంది నవ్వుతూ.

అన్నం సహించలేదు నాకు. అక్కడ ఖాలా చేయి కడుక్కుందా, వర్క్‌షాపు మనుషులెవరైనా తలుపు తీశారా, గాలికి దుమ్ము పడిందా, ఇదే ధ్యాస. ఏమైనా జరిగితే జమీలా పేరు చెప్పి పంపింది నేను. ఉద్యోగం మాట దేవుడెరుగు, ఆ మనిషి నాకు కావాలి. అది ఆ రోజే తెలిసింది.

పొద్దున గంగారాం టీ తెచ్చిచ్చి, "తప్పు నాదే అక్కా. దగ్గరిదే మంచిదని నేనే అన్న" అన్నాడు.

"నువ్వొక్కడివే అన్నావా? నలుగురం అన్నాం."

"మూడోది తీస్కుంటే తాయిఫ్‌కు గుంజుకపోయేటోళ్లు."

"తాగు టీ" అన్నాను.

ఇల్లుబండి తిరిగొచ్చింది

మధ్యాహ్నం కావస్తుండగా ఇల్లుబండి తన చక్రాల మీద తానే వచ్చింది. కొత్త పంపు వేశారు. తోలుకొచ్చింది లాల్ ఖానే. వెనక కారు. నేను పరుగెత్తాను. ఉమ్ జాఫర్ కారులోంచి దిగి, నా భుజం పట్టుకుని ఇల్లుబండి మెట్లెక్కి, తొట్టివైపు చూపించింది. దించిన సంచులు పారబోయకుండా నాకోసం వరసగా పెట్టి ఉంచింది. నీళ్లు తేటగా ఉంటే మంచిది, మబ్బుగా ఉంటే చీము. తమీస్ చుట్టిన పేపరుముక్క ఒక్కో సంచి వెనక పెట్టి చూశాను. ప్రతి అక్షరం స్పష్టంగా కనపడింది. మంచం మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాను.

"ఆ ముసలాయన పేరు, వాళ్ల తాత పేరు దాకా చెప్పాను" అంది ఉమ్ జాఫర్. "నీ పేరు కూడా చెప్పాను. గంగారాం పేరు పలకడమే కష్టమైంది."

అప్పుడే జాఫర్ మెట్ల దగ్గరికి వచ్చి, ఒక బట్ట మూట నాకు అందించాడు. "సిస్టర్, ఇది జమీలాకు. ఆవిడ వచ్చిన ప్రతిసారీ నేను బయట నమాజులో ఉన్నాను, కృతజ్ఞత చెప్పలేకపోయాను. నువ్వు పంపించు."

నేను చేయి చాపాను. చాపక ఏం చేయను?

"ఆ మూట లోపల పెట్టు" అంది ఉమ్ జాఫర్ కొడుకుతో. "జమీలా అనే మనిషి లేదు."

చాపిన చేయి వెనక్కి తీసుకున్నాను.

"నిన్న దేవుడింటి ముందు అన్నిటికీ క్షమాపణ అడిగి వచ్చాను. ఒక్కరోజైనా కాకముందే నోరు పాడుచేసుకోలేను. సంచులు నేనే మార్చుకున్నాను."

"నీకు రాదు కదమ్మా."

"వచ్చు. మొదటినుంచీ వచ్చు."

జాఫర్ నాకేసి తిరిగాడు. "నీకు తెలుసా, సిస్టర్?"

"నిన్న మధ్యాహ్నం నుంచి తెలుసు సార్. జమీలా సంగతి నేనే కల్పించాను." ఇక దేశం వదలమనే ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. కఫీల్‌తో, అంటే వీసా ఇప్పించిన యజమానితో, అబద్ధం చెప్పి నిలిచిన నర్సు లేదు. బానెట్ దగ్గర గంగారాం కదలకుండా నిలబడ్డాడు.

"పని నీకే వచ్చినప్పుడు నర్సు ఎందుకమ్మా? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" జాఫర్ గొంతులో కోపం కంటే అయోమయమే ఎక్కువుంది.

"సంచి మార్చడానికి నాకు మనిషి అక్కర్లేదు. మాట్లాడటానికి కావాలి. పొద్దున నువ్వు ఆఫీసుకు పోతావు. నీ భార్య వాళ్లమ్మ దగ్గరికి పోతుంది. టీవీ నాతో మాట్లాడుతుంది గానీ నేను చెప్పేది వినదు. నర్సు కావాలంటే వీసా ఇస్తారు. ముసలిదానికి కబుర్లు చెప్పే మనిషి కావాలంటే ఏ ఆఫీసు ఇస్తుంది? నేనడిగితే నువ్వు తెప్పించేవాడివా?"

జాఫర్ ఇల్లుబండి మెట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. లాల్ ఖాన్ తన పని కాదన్నట్టు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. జాఫర్ తల తిప్పకుండానే అడిగాడు.

"ఏం కబుర్లు చెబుతుంది?"

"వాళ్ల అత్తగారివి" అంది ఉమ్ జాఫర్. అప్పుడే ఆవిడకు నవ్వొచ్చేసింది.

జాఫర్ లేచి, మూట తీసి నా పక్కన పెట్టాడు. "వీసాలో నర్సు అనే ఉండనీ" అన్నాడు.

మధ్యాహ్నం సంచి వేళయింది. అలవాటుగా నేను లేవబోతే ఉమ్ జాఫర్ కూర్చోమంది. సబ్బు తీసుకుని చేతులు తోముకోవడం మొదలుపెట్టింది.

"చెప్పు రత్నా. రాత్రి ఎక్కడ పడుకున్నావు? ఏం పెట్టారు? ఆ ఇంటావిడ ఎలాంటిది?"

నేను మెంతుల పులుసులో చింతపండు సంగతి ఎత్తుకున్నాను. జాఫర్ లోపలికి వచ్చి, ఫ్యాను ఆపి, తలుపు మూసి, వినడానికి ఎదురుగా కూర్చున్నాడు.